జేసీ రోడ్డు ‘ఎమర్జెన్సీ కిట్’: సంచీ విప్పి చూస్తే

బెంగళూరు టౌన్ హాల్ దగ్గర నుంచి మినర్వా సర్కిల్ వైపు జేసీ రోడ్డు పట్టుకుని నడిస్తే, కారు సామాన్ల షాపుల ముందు సీటు కవర్లకీ స్టీరింగ్ కవర్లకీ మధ్య జిప్పు సంచులు వేలాడుతుంటాయి. పైన ‘ఎమర్జెన్సీ కిట్’ అని పెద్ద అక్షరాలు. తయారు చేసినవాళ్ల పేరు ఉండదు, ఉన్నా ఎక్కడా వినని పేరు. ఇంచుమించు రెండు వేల నుంచి మూడున్నర వేల దాకా చెబుతారు, బేరమాడితే దిగుతారు. ఆ రోడ్డులో తెలుగులో బేరమాడినా పని జరిగిపోతుంది. సంక్రాంతికి ఊరెళ్లే ముందు మారతహళ్లి నుంచీ వైట్‌ఫీల్డ్ నుంచీ వచ్చే మనవాళ్లు ఈ సంచీని డిక్కీలో పడేసుకుని, ఇక దిగుల్లేదనుకుంటారు. ఆన్‌లైన్లోనూ ఇదే సరుకు వేరే రంగు సంచీలో దొరుకుతుంది.

విప్పితే లోపల ఇవి ఉంటాయి: 12 వోల్టుల గాలి పంపు, ట్యూబ్‌లెస్ పంచర్ కిట్, చచ్చిన బ్యాటరీని వేరే కారు బ్యాటరీకి కలిపే జంపర్ కేబుళ్లు, లాగుడు తాడు, ఎర్ర ముక్కోణం, టార్చి, చేతి తొడుగులు, అద్దం పగలగొట్టే సుత్తి. కొన్నింటిలో మంచు గీకే ప్లాస్టిక్ చెక్క కూడా ఉంటుంది. చలిదేశాల కోసం కట్టిన మూట అలాగే మన దగ్గరికి వచ్చేసిందన్నమాట. ఇంట్లో అట్లకాడ విరిగితే పనికొస్తుందేమో చూడండి.

తీర్పు ముందే చెప్పేస్తే సరి: పంపు ఉంచుకోవచ్చు, పంచర్ కిట్ సగం మార్చాలి, కేబుళ్లు పారేయాలి. మిగతావి ఉన్నా లేనట్టే, ఒక్క సుత్తి తప్ప. దాని సంగతి తర్వాత.

కేబుళ్ల మీద ‘500 ఆంప్స్’ అని అచ్చేసి ఉంటుంది. “డీజిల్ బండికి కూడా సరిపోద్ది అన్నా” అని షాపువాడు హామీ ఇస్తాడు. పైన రబ్బరు వేలెడు లావుంటుంది, లోపల రాగి మాత్రం అగ్గిపుల్లంత. లెక్క వేసి చూడండి. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ (ఇంజన్ను స్టార్ట్ చేసే మోటారు) తిప్పడానికి 150 ఆంపియర్ల దాకా లాగుతుంది. రెండు మీటర్ల కేబుళ్లు రెండు, అంటే కరెంటు పోయి రావడానికి నాలుగు మీటర్లు. వైరు మందం 4 చదరపు మిల్లీమీటర్లయితే అది అచ్చం రాగే అయినా దారిలోనే రెండున్నర వోల్టులు పైగా తినేస్తుంది. అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరైతే నాలుగు వోల్టులు. అవతలి కారు బ్యాటరీలో 12.6 ఉన్నా మీ సెల్ఫ్ దాకా వచ్చేది దాన్ని తిప్పడానికి చాలదు. కట్, కట్ అని చప్పుడొస్తుంది, కేబుల్ వేడెక్కుతుంది, పాపం సాయానికి ఆగినాయన గడియారం చూసుకుంటాడు. అదే 16 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరైతే పోయేది అర వోల్టు పైచిలుకు మాత్రమే. చిన్న పెట్రోలు కార్లకు 16, డీజిల్ కార్లకు 25 అడగండి. ఆంపియర్లు అడగొద్దు, అట్ట మీద ఎన్నైనా అచ్చేసుకోవచ్చు.

షాపులోనే తేల్చుకోవచ్చు. క్లిప్పు దగ్గరి రబ్బరు తొడుగు వెనక్కి లాగితే తీగల కట్ట మొన కనిపిస్తుంది. ఆ కట్ట పెన్సిలు కన్నా కాస్త సన్నంగా ఉంటే 16 ఉన్నట్టు. ఒక్క తీగను బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా తేలితే అల్యూమినియం. క్లిప్పు పళ్లు రెండు వైపులా వైరుకు కలిసి ఉన్నాయో లేదో కూడా చూడాలి. చవక రకాల్లో ఒక దవడకే వైరు తగిలించి, రెండోదాన్ని స్ప్రింగుకు వదిలేస్తారు.

మంచి కేబుళ్లు ఉన్నా తగిలించే వరుస తప్పితే ప్రమాదం. రెండు బళ్లూ ఆపేసి, ఒకదానికొకటి తగలకుండా ఉంచండి. ఎర్ర కేబుల్ ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని రెండో కొస మాత్రం మీ బ్యాటరీ మైనస్‌కి కాదు. ఇంజను మీద రంగులేని లావుపాటి బోల్టు ఏదైనా చూసి, బ్యాటరీకి దూరంగా దానికి పట్టించాలి. ఆఖరి క్లిప్పు తగిలించేటప్పుడే నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ నుంచేమో హైడ్రోజన్ వాయువు వస్తుంటుంది. ఆ రెండూ కలవకూడదనే ఈ జాగ్రత్త. అవతలి బండి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు కాస్త రేజు చేసి ఉంచాక మీ తాళం తిప్పండి. ఒక్కోసారి అయిదు సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు, మధ్యలో అర నిమిషం విరామం ఇవ్వండి. స్టార్ట్ అయ్యాక ఉల్టా వరుసలో తీసేయండి. చేతిలో ఉన్నవి సంచీలోని సన్న కేబుళ్లే అయితే ఒక ఉపాయం ఉంది. అవతలి ఇంజను నడుస్తుండగా పదిహేను నిమిషాలు అలాగే వదిలేస్తే మీ బ్యాటరీలోకి కొంత చార్జింగ్ చేరుతుంది, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. ఆ తర్వాత కనీసం అరగంట రోడ్డు మీద పరిగెత్తించాలి. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని, హెడ్‌లైట్లు వెలిగించుకుని అరగంట నిలబడితే దాన్ని చార్జింగ్ అనరు.

అసలు కేబుళ్ల దాకా వెళ్లకముందే బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినళ్లు చేత్తో కదిపి చూడండి. బండి సెల్ఫ్ తీసుకోకపోతే చాలాసార్లు దోషం అక్కడే. క్లాంపు వదులై ఉంటుంది, లేదా తెల్లటి, పచ్చటి పొడి పేరుకుని ఉంటుంది. చాలా కార్లకు 10 నంబరు పానా సరిపోతుంది. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు ప్లస్ ముందు. పొడి మీద వంటసోడా కలిపిన వేణ్నీళ్లు పోస్తే నురగ వచ్చి కరిగిపోతుంది. తుడిచి ఆరబెట్టి, కొంచెం వాసెలిన్ రాయండి. యాభై రూపాయల పానా చేసే ఈ పని రెండు వేల సంచీ చేయదు. ఆ పానా సంచీలో ఉండదు కూడా.

పంపుకి వద్దాం. సంచీలో కాస్త డబ్బు విలువ చేసేది ఇదే. రెండు రకాలొస్తాయి. పూర్తిగా ప్లాస్టిక్ డొక్కు, లోపల ప్లాస్టిక్ గేరు ఉన్నది ఒకటి. లోహపు సిలిండర్ ఉన్నది రెండోది. చేతిలో పట్టుకుంటే బరువే చెబుతుంది. 165/80 ఆర్14 సైజు టైరు పూర్తిగా దిగిపోయి ఉంటే, లోహపు రకం అయిదారు నిమిషాల్లో 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కిస్తుంది. ప్లాస్టిక్‌ది పది నిమిషాలు గింజుకుని, సగంలో వేడెక్కి ఆగిపోతుంది. ఏదైనా సరే పది నిమిషాలు నడిపాక పది నిమిషాలు చల్లారనివ్వాలి. గొట్టం చివరి ఇత్తడి మూతి కాలుతుంది, గుడ్డ పెట్టి పట్టుకోండి.

దీన్ని చార్జింగ్ సాకెట్‌లో పెడతాం కదా, ఆ సాకెట్ మూత మీదే చాలా కార్లలో 120 వాట్లు అని రాసి ఉంటుంది. అంటే సుమారు 10 ఆంపియర్లు. చవక పంపులు కదలగానే అంతకు మించి లాగుతాయి, ఫ్యూజు ఠప్‌మంటుంది. ‘పంపు పాడైంది’ అని తిరిగిచ్చేవాటిలో కొన్ని నిజానికి ఫ్యూజు పోయిన కేసులే. ఫోను చార్జింగ్ కూడా ఎక్కడం లేదంటే అనుమానం ఫ్యూజు మీదే. డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు పెట్టె మూత వెనక ఏది దేనిదో బొమ్మ ఉంటుంది. రంగును బట్టి ఆంపియర్లు: ఎరుపు 10, నీలం 15, పసుపు 20. పోయినదాని రంగుదే పెట్టాలి. 10 ఉన్నచోట 20 పెడితే పంపు హాయిగా తిరుగుతుంది, ఫ్యూజు బదులు వైరింగ్ కాలుతుంది. రెండేసి స్పేర్ ఫ్యూజులు గ్లవ్ బాక్స్‌లో పడేసుకోండి. పంపు నడిపేటప్పుడు ఇంజను కూడా నడుస్తూ ఉండాలి, లేకపోతే ఇందాకటి జంపర్ కేబుళ్ల కథ మళ్లీ మొదలవుతుంది.

పంపు మీది మీటరును నమ్మొద్దు. రెండు నుంచి నాలుగు పీఎస్ఐ తేడా మామూలే. ఓ అయిదొందలు పెట్టి విడిగా డిజిటల్ గేజి కొని, ఒకసారి పోల్చి చూసి, ‘ఇది 36 అంటే అసలు 33’ అని పంపు మీద చీటీ అంటించండి. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే ఫ్రేము మీద స్టిక్కరు చెబుతుంది. టైరు గోడ మీద అచ్చేసింది గరిష్ఠ పరిమితి, అది పెట్టొద్దు. పొద్దున్నే బండి కదలకముందు చూడాలి. హైవే మీద గంట నడిపాక మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, ఎక్కువైందని తీసేశారో, చల్లారాక తక్కువవుతుంది. ఇంకో ముచ్చట: బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ 33 పెట్టుకుని చెన్నైకి దిగితే, ఎత్తు తగ్గినందుకు మీటరు ఒకటిన్నర పీఎస్ఐ తక్కువ చూపాలి, అక్కడి వేడికి రెండు దాకా ఎక్కువ చూపాలి. రెండూ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకటీ అరా తేడా చూసి బంకులో తీయించడం, పెట్టించడం అనవసరం.

ఇక పంచర్ కిట్. సామాను సరైనదే, నాణ్యతే అంతంతమాత్రం. ఆకురాయిలా గరుకుగా ఉండే చువ్వ ఒకటి, దారం సూదిలా కన్నం ఉన్నది ఒకటి, నల్లటి జిగురు పట్టీలు అయిదు, చిన్న ట్యూబులో రబ్బరు సొల్యూషన్. చువ్వలకు స్క్రూడ్రైవర్ లాంటి ప్లాస్టిక్ పిడి ఉంటే అక్కడే వదిలేయండి. టైరులో దాన్ని దూర్చాలంటే ఒంటి బరువంతా వేయాలి, పిడి పగిలి చువ్వ అరచేతిలో దిగుతుంది. ‘టి’ ఆకారంలో లోహపు పిడి ఉన్నది నాలుగొందలకు విడిగా దొరుకుతుంది. పట్టీలు వేలితో నొక్కితే అంటుకోవాలి. ఎండిపోయి తోలులా ఉంటే అవి షాపులో ఏళ్ల తరబడి ఉన్నవే.

వాడే పద్ధతి ఇది. మేకు కనిపించగానే పీకొద్దు. ముందు పంపు, పట్టీ అన్నీ చేతికి అందేలా పెట్టుకోండి. పట్టీని సూది కన్నంలోంచి సగానికి లాగి, సొల్యూషన్ పూయండి. అప్పుడు కటింగ్ ప్లయరుతో మేకు లాగండి, అది ఏ వాలున దిగిందో గుర్తు పెట్టుకోండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మేకు ఏటవాలుగా దిగి ఉంటే చువ్వ నిటారుగా గుచ్చి, టైరు లోపలి ఉక్కు తీగల మధ్య రెండో కన్నం పెడతారు. పట్టీ ఒక దారిన, గాలి ఇంకో దారిన. చువ్వను ఆ వాలులోనే, గడియారం తిరిగే వైపు తిప్పుతూ పది సార్లు లోపలికీ బయటికీ ఆడించాలి. తర్వాత సూది దూర్చి, పట్టీ కొసలు ఒక సెంటీమీటరు పైన మిగిలేదాకా నొక్కాలి. పిడిని తిప్పకుండా ఒక్క గుంజు గుంజితే సూది వచ్చేస్తుంది, పట్టీ లోపల మడత పడి ఉండిపోతుంది. మెల్లగా లాగితే పట్టీ కూడా వెంట వస్తుంది. గాలి కొట్టి, సబ్బు నీళ్లు పోసి, బుడగ రాకపోతే కొసలు నాలుగు మిల్లీమీటర్లు వదిలి కోసేయండి. మొదట్లోకి కోస్తే లోపలికి జారిపోవచ్చు.

ఇది రోడ్డును తాకే భాగానికే. పక్క గోడకీ, భుజానికీ (గోడ మొదలయ్యే వంపుకీ) పట్టీ వేయొద్దు. అక్కడ టైరు ప్రతి చుట్టులోనూ వంగుతుంది, పట్టీ నిలవదు. కన్నం ఆరు మిల్లీమీటర్లు దాటినా, గాలి లేకుండా కిలోమీటరు లాక్కొచ్చినా స్టెప్నీ వేసుకోవడమే దారి. పట్టీతో ఊరు చేరుకోవచ్చు, చేరాక లోపలి వైపు నుంచి పుట్టగొడుగు ఆకారంలో ఉండే మష్రూమ్ ప్యాచ్ వేయించండి. పంచర్ షాపులో ‘ఇంకో రెండు పంచర్లున్నాయి సార్’ అంటే బుడగను మీ కళ్లతో చూశాకే ఒప్పుకోండి.

లాగుడు తాడు మీద ‘3 టన్నులు’ అని ఉంటుంది, కొక్కేలు చూస్తే బకెట్టు కూడా ఆగేలా ఉండవు. బంపరులో బిగించే కొక్కెం మీ కారు జాకీ సంచీలోనే ఉంది, చాలామందికి తెలియదు. కొన్ని కార్లలో అది ఎడమ వైపు తిప్పితే బిగుస్తుంది. ఆటోమేటిక్ కారును తాడు కట్టి లాగించొద్దు, గేరుబాక్సు దెబ్బతింటుంది. ముక్కోణం కంపెనీయే ఇచ్చి ఉంటుంది. సంచీలోది లారీ గాలికి పడిపోయేంత తేలిక. ఏదైనా బండికి కనీసం యాభై మీటర్లు వెనక పెట్టాలి, డిక్కీకి ఆనించి కాదు. టార్చి, తొడుగులు సరే.

సుత్తి సంగతి వేరు. 2023 మేలో బెంగళూరు కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో వాన నీళ్లలో కారు మునిగి ఒక తెలుగు అమ్మాయి చనిపోయింది. ఈ సుత్తి డిక్కీలో సంచీలో ఉంటే ఉపయోగం సున్నా, డ్రైవరు చేతికి అందేచోట ఉండాలి. కొట్టాల్సింది పక్క అద్దం మూలలో. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్న లామినేటెడ్ అద్దం, బీటలు వారుతుందే తప్ప రాలదు. నీళ్లలో చెయ్యి వేగంగా ఊపలేం కాబట్టి, నొక్కితే స్ప్రింగుతో పేలే చిన్న పంచ్ రకం ఇంకా మేలు. నీళ్లు కనిపిస్తే దిగొద్దు. దిగాక ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, సిలిండర్లోకి నీళ్లు చేరితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మొట్టమొదట కిటికీ అద్దాలు దించండి, కరెంటు ఉన్నప్పుడే.

సంచీలో లేని ముఖ్యమైన వస్తువు వీల్ స్పానర్. కంపెనీ ఇచ్చే ‘ఎల్’ స్పానర్ ముప్ఫై సెంటీమీటర్లుంటుంది. వీల్ నట్టు 100 న్యూటన్ మీటర్లు బిగించి ఉందనుకుంటే, దాని కొస మీద 34 కిలోల బలం వేయాలి. షాపులో గాలి గన్నుతో బిగించినవి దానికి రెట్టింపు ఉండొచ్చు, అంటే 70 కిలోల మనిషి స్పానర్ ఎక్కి నిలబడాలి. లాగితే పొడవయ్యే స్పానర్ యాభై సెంటీమీటర్లది అయిదొందలకు వస్తుంది, అప్పుడు 34 కిలోల చోట 20 కిలోల బలం చాలు. మీ నట్టు 17, 19, 21లో ఏదో చూసుకుని కొనండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేసి, హ్యాండ్ బ్రేకు వేసి, ఎదురు చక్రానికి రాయి పెట్టి, కారు తలుపు గుమ్మం కింద గాడి ఉన్నచోటే జాకీ ఎత్తాలి. బిగించేటప్పుడు వరుసగా కాదు, ఎదురెదురుగా. యాభై కిలోమీటర్లు పోయాక మళ్లీ ఒకసారి. స్టెప్నీ చిన్న సైజుదైతే దాని మీద గంటకు 80 అని రాసి ఉంటుంది, దాటొద్దు. 2020లో నిబంధనలు మారాక, టైరు గాలి చెప్పే సెన్సర్లూ రిపేరు కిట్టూ ఉంటే స్టెప్నీ ఇవ్వకపోయినా చెల్లుతుంది. మీ కారులో స్టెప్నీ ఉందో లేదో ఇవాళే డిక్కీ ఎత్తి చూడండి. దాని బదులు సీలెంట్ సీసా ఉంటే దాని మీద గడువు తేదీ ఉంటుంది.

ఇంకో లీటరు డిస్టిల్డ్ వాటర్ పెట్టుకోండి. బెంగళూరు బోరు నీళ్లు కూలెంటులో (ఇంజన్ను చల్లబరిచే ద్రవంలో) పోస్తే రేడియేటర్లో ఉప్పు కడుతుంది. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తిప్పొద్దు, అరగంట ఆగాలి.

విడివిడిగా కొంటే, మంచి కేబుళ్లు, లోహపు పంపు, గేజి, టి పిడి కిట్, స్పానర్ కలిపి అయిదు వేల దాకా అవుతుంది. సంచీ కన్నా ఎక్కువే. ఒకేసారి కొనలేకపోతే పంపు, గేజి ముందు, కేబుళ్లు ఆఖర్న. సంచీయే కావాలనుకుంటే డబ్బిచ్చే ముందు షాపులో ఉండే 12 వోల్టుల బ్యాటరీకి పంపు తగిలించి, రెండు నిమిషాలు నడిపించమనండి. చప్పుడు మారకూడదు, ప్లాస్టిక్ కాలే వాసన రాకూడదు. ఒప్పుకోకపోతే పక్క షాపుకు వెళ్లండి, అదే సంచీ అక్కడా వేలాడుతుంటుంది.